ఎడారిలో నగెట్ల వేట: మెషిన్ గోల ఆగట్లేదు, సిగ్నల్ ఏదో తెలియట్లేదు

#1 ఇసుకబాట

అందరికీ నమస్తే. బంగారపు ముద్దలు, అదే నగెట్లు, వెతుకుతున్నాను. మెషిన్ జీపీఎక్స్ 6000, పల్స్ ఇండక్షన్ (పీఐ) రకం మెటల్ డిటెక్టర్. దానికి 11 అంగుళాల మోనో కాయిల్ (పంపడానికీ వినడానికీ ఒకటే తీగచుట్ట). నేల సంగతి ముందు చెప్తాను. పైన గులకరాళ్ల పరుపు, కింద జానెడు ఎర్రమట్టి, ఆ కింద పలుగు దిగని సున్నపు గట్టిపొర. పల్లంలో ఎండిన వాగు ఉంది, దాని అంచున తెల్లగా ఉప్పు పేరుకుంది.

మెరక మీద మెషిన్ బుద్ధిగానే ఉంటుంది. వాగులోకి దిగితే త్రెషోల్డ్ (ఎప్పుడూ సన్నగా మోగుతుండే శ్రుతి) అలలు అలలుగా లేచి పడుతోంది. సెన్సిటివిటీ 10 నుంచి 4కి దించినా అదే వరస. పైగా కొన్ని నల్లరాళ్లు అచ్చం టార్గెట్‌లా, అంటే కింద లోహం ఉన్నట్టే, మోగుతున్నాయి. కాయిల్ పాడైందా, నేలే అంతా, లేక సెట్టింగు తప్పా? తవ్వకుండానే రాయికీ లోహానికీ తేడా పట్టే దారి ఉందా?

#2 కాయిల్‌మోత

కాయిల్ మీద అనుమానం పడేముందు గోల ఎక్కడి నుంచి వస్తోందో విడదీయండి. ఐదు నిమిషాల పని.

ఒకచోట నిలబడి కాయిల్‌ను నడుము ఎత్తున, నేలకు సమాంతరంగా, కదలకుండా పట్టుకోండి. అప్పుడూ గోల ఉంటే అది గాలిలోంచి వచ్చేది: కరెంటు తీగలు, దూరాన ఉరుములు, జేబులో ఫోను, పక్కవాళ్ల డిటెక్టర్. ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి నాయిస్ క్యాన్సిల్ చేయండి. ఇంకో పీఐ మెషిన్ ఉంటే కనీసం 50 మీటర్లు ఎడం ఉండాలి, చాలకపోతే ఇంకా జరగాలి.

కదలకుండా ఉంటే నిశ్శబ్దం, గాలిలోనే ఊపితే గోల. అప్పుడు కేబుల్ వదులుగా ఊగుతోందేమో చూడండి. షాఫ్ట్‌కు చుట్టిన కేబుల్ కాయిల్ దగ్గర ఒక్క అంగుళం ఆడినా దొంగ సిగ్నల్ ఇస్తుంది, వెల్క్రో బిగించాలి. బూటు ముక్కులో ఇనుము, బెల్టు బకిల్, తాళాలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. ఊపు చివర్లో కాయిల్ పాదం పక్కకు వచ్చినప్పుడే మోగితే దోషం నేలది కాదు, మీ బూటుది.

గాలిలో ఊపినా నిశ్శబ్దంగా ఉండి, నేల దగ్గరికి దించితేనే గోల మొదలైతే అది నేల. మీది చదివితే ఇదే అనిపిస్తోంది.

ఇక ఉప్పు ఎందుకు ఏడిపిస్తుందంటే, తడి తగిలిన ఉప్పునేల కరెంటును మోస్తుంది. పీఐ మెషిన్ కాయిల్‌లోకి పల్స్ పంపి, ఠక్కున ఆపి, ఆ తర్వాత నేలలో, లోహంలో మిగిలిన కరెంటు ఎంతసేపటికి చస్తుందో వింటుంది. ఉప్పునేలలో ఆ కరెంటు కొన్ని మైక్రోసెకన్లలోనే చచ్చిపోతుంది. సన్న బంగారంలోనూ అంతే. మెషిన్ వినే ఒకే సమయపు కిటికీలోంచి రెండూ వస్తున్నప్పుడు సెన్సిటివిటీ తగ్గిస్తే రెండూ కలిసే తగ్గుతాయి, వాటి నిష్పత్తి మారదు. 4కి దించినా అల పోకపోవడానికి కారణం అదే.

అక్కడ 14 అంగుళాల డీడీ కాయిల్ (పంపే చుట్ట, వినే చుట్ట వేరువేరుగా ఉండేది) తగిలించి నేల రకాన్ని ఉప్పునేల మోడ్‌కి మార్చండి. మోనోతో ఆ మోడ్ రాదు. సన్నవి కొన్ని పోతాయి, తప్పదు. ఆ చోట మోనోతో పట్టేది అలలే.

#3 రాతిపొర

పై పోస్టుకు ఒక చేర్పు. ఉప్పునేలలో గోలంతా ఎత్తు మారడం వల్ల వస్తుంది. కాయిల్ 3 సెం.మీ. లేచి దిగితే ఉప్పు సిగ్నల్ కూడా లేచి దిగుతుంది, అదే మీకు అలలా వినిపించేది. డీడీ లేకపోతే కాయిల్‌ను నేలకు 4–5 సెం.మీ. పైన, ఊపు మొత్తం ఒకే ఎత్తులో ఉంచి నెమ్మదిగా తిప్పండి. వాన పడిన వారంలో ఆ వాగు జోలికి పోవద్దు. అదే వాగు నెలల తరబడి ఎండాక సగం గోల తనంతట తనే పోతుంది.

నల్లరాళ్ల సంగతి వేరు, వాటికి ఉప్పుతో సంబంధం లేదు. మ్యాగ్నెటైట్, మ్యాగ్‌హెమైట్ ఉన్న రాళ్లు పల్స్ ఆగాక కూడా కాసేపు అయస్కాంత గుణాన్ని వదలవు, మెల్లగా దిగిపోతుంది. మెషిన్ చుట్టూ ఉన్న నేలకు బ్యాలెన్స్ అయి ఉంటుంది, అంటే ఆ నేల మోతను లెక్కలోంచి తీసేసి ఉంటుంది, ఈ రాయి ఆ లెక్కకు అందదు కాబట్టి మోగుతుంది. తేడా పట్టడానికి:

కాయిల్‌ను కొద్దికొద్దిగా పైకి లేపుతూ ఊపండి. రాయి సిగ్నల్ 5–10 సెం.మీ. లేపేసరికి ఒక్కసారిగా చచ్చిపోతుంది. లోహం అంత తొందరగా వదలదు, మెల్లగా సన్నగిల్లుతుంది. తర్వాత ట్రిగ్గర్ పట్టి ఆ రాయి పక్కనే కాయిల్‌ను పైకీ కిందికీ ఆడించి నేలను మళ్లీ బ్యాలెన్స్ చేయండి. రాయైతే గొంతు మారుతుంది, ఒక్కోసారి పూర్తిగా పడుకుంటుంది. చివరగా బూటు మడమతో నేలను ఒక అంగుళం గీకండి. సిగ్నల్ జరిగితే అది పైమట్టిలోనే ఉంది, తరచూ రాయే. అక్కడే ఉంటే వంగక తప్పదు.

ఇంకో మాట. మోగిన నల్లరాళ్లన్నీ విసిరేయకండి. 1995లో ఆరిజోనాలోని గోల్డ్ బేసిన్‌లో బంగారం కోసం డిటెక్టర్ తిప్పుతుంటే బయటపడ్డవి ఉల్కలు. ఆ తర్వాత ఆ చుట్టుపక్కల వేల ముక్కలు దొరికాయి. అయస్కాంతానికి అంటుకుంటూ, సైజుకు మించిన బరువుతో, పైన కాలినట్టు పెంకు, విరిగిన చోట లోహపు చుక్కలు కనిపిస్తే దాన్ని విడిగా సంచిలో వేసుకోండి.

#4 కొత్తపలుగు

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నా దగ్గరున్నది వీఎల్ఎఫ్ (పల్స్‌లు కాకుండా ఆగని తరంగం పంపే రకం), గోల్డ్ మాన్‌స్టర్ 1000. ఎడారికి పీఐ లేకుండా పోతే దండగేనా? 1989లో మెక్సికోలోని సోనోరా ఎడారిలో 12 కిలోల ‘బూట్ ఆఫ్ కార్టెజ్’ నగెట్ దొరికింది రేడియో షాక్ దుకాణాల్లో అమ్మిన మామూలు డిటెక్టర్‌కేనట కదా.

#5 కాయిల్‌మోత

12 కిలోల ముద్దను ఏ మెషినైనా పడుతుంది, దాని మీద కాయిల్ వెళ్లడమే కష్టం. ఆ ఉదాహరణతో మెషిన్ ఎంచుకోవద్దు బ్రో.

వీఎల్ఎఫ్ దండగ కాదు, దాని పని వేరు. గోల్డ్ మాన్‌స్టర్ 45 కిలోహెర్ట్జ్, ఫిషర్ గోల్డ్ బగ్ 2 అయితే 71. ఆ ఫ్రీక్వెన్సీల్లో బియ్యపు నూకంత బంగారం కూడా మోగుతుంది, కానీ పైపైన ఉంటేనే. ఇనుము కలిసిన ఎర్రనేలలో లోతు దారుణంగా పడిపోతుంది. రాతిపొర కనిపించే చోట్లు, పగుళ్లు, పైమట్టి గీకేసిన చోట్లు, పాతకాలం వాళ్లు తూర్పారబట్టి పోసిన కుప్పలు వీఎల్ఎఫ్‌కు సరిపడే నేలలు. మేకులు, రేకు ముక్కలు చల్లినట్టున్న పాత క్యాంపు దగ్గర ఇనుమును వేరు చేసి చెప్పేది కూడా అదే. పీఐలో ఇనుమును వదిలించే ఏర్పాటు నమ్మదగ్గది కాదు. జీపీఎక్స్ 5000లో ఐరన్ రిజెక్ట్ ఉంది కానీ డీడీ కాయిల్‌తోనే, అదీ లోతు తక్కువున్న వాటికే.

జానెడు మట్టి కింద సున్నపు పొర మీద కూర్చున్న గ్రాము బంగారం కావాలంటే మాత్రం పీఐ.

#6 పసిడిచాట

లోతు మాట వచ్చింది కాబట్టి చిన్న లెక్క. కాయిల్ నుంచి టార్గెట్‌కు పోయే క్షేత్రం దూరంతో తగ్గుతుంది, టార్గెట్ నుంచి తిరిగొచ్చేదీ అదే తీరున తగ్గుతుంది, అంటే దెబ్బ రెండుసార్లు. 11 అంగుళాల కాయిల్‌కు 20 సెం.మీ. లోతున ఉన్న తునక 25 సెం.మీ. అయితే సిగ్నల్‌లో దాదాపు 40 శాతమే మిగులుతుంది. అంటే కాయిల్‌ను 5 సెం.మీ. ఎత్తి ఊపితే సగానికి పైగా పారబోసినట్టే. ఊపు చివర్లలో కాయిల్ గాలిలోకి లేచే అలవాటు చాలామందికి ఉంటుంది, కొడవలి తిప్పినట్టు. దాన్ని మానిపించడం వెయ్యి సెట్టింగుల పెట్టు. (పైన రాతిపొర గారు చెప్పిన ఎత్తు ఉప్పునేల వరకే. మిగతా చోట కాయిల్ కింది కవర్ నేలను తాకీ తాకనట్టు పోవాలి.)

కాయిల్ పెద్దదైతే లోతు పెరుగుతుందన్నది సగం నిజం. 17 అంగుళాలది పెద్ద ముద్దలకు లోతు ఇస్తుంది, అర గ్రాముకు తక్కువున్న వాటిని పైపైన ఉన్నా వదిలేయొచ్చు. నేల ఎక్కువ మోతాదులో చూస్తుంది కాబట్టి గోల కూడా ఎక్కువ.

#7 ఇసుకబాట

కాయిల్‌మోత గారు చెప్పినట్టు విడదీసి చూశాను. నడుము ఎత్తున నిశ్శబ్దం, ఊపినా నిశ్శబ్దం, నేల దగ్గరే గోల. డీడీ పెట్టి ఉప్పునేల మోడ్‌లోకి మార్చాక వాగు మధ్యలో పడుకుంది, అంచున ఇంకా కొద్దిగా ఉంది. థాంక్సండీ.

తర్వాతి చిక్కు మెషిన్ మోగే గొంతు, అంటే శ్రుతి. కొన్ని పైకి లేచి కిందికి దిగుతున్నాయి, కొన్ని కిందికి దిగి పైకి లేస్తున్నాయి. ఏది తవ్వాలి?

#8 రాతిపొర

రెండూ తవ్వాలి.

చిన్న తునకలు, పలచటి రేకులు, కరెంటు త్వరగా చచ్చేవి ఒక తీరు: ముందు హెచ్చు, తర్వాత తగ్గు. పెద్ద గట్టి ముద్దలు తిరగబడి ముందు తగ్గు, తర్వాత హెచ్చు. హెచ్చు-తగ్గు మాత్రమే తవ్వేవాళ్లు సన్నవి ఏరుకుని పెద్దదాన్ని దాటి పోతారు. నేల మీద, మెషిన్ వినే టైమింగ్ మీద ఆధారపడి కూడా గొంతు తిరగబడుతుంది కాబట్టి అదే మెషిన్, అదే మోడ్‌లో తెలిసిన టార్గెట్‌ను పాతి విని చూసుకోండి. సీసపు గుండు ఒకటి 10 సెం.మీ. లోతున పాతితే చాలు.

ఇనుము సిగ్నల్ పొడవుగా, అడ్డంగా సాగుతుంది. మేకు మీద ఒక దిక్కున ఊపితే రెండు గొంతులు, దానికి అడ్డంగా తిరిగి ఊపితే ఒకటే. అందుకే ఏ సిగ్నలైనా 90 డిగ్రీలు తిరిగి మళ్లీ వినాలి. రెండు దిక్కుల నుంచీ గుండ్రంగా, ఒకేలా, ఒకేచోట మోగితే దాన్ని వదలొద్దు. సీసపు గుండు కూడా అచ్చం ఇలాగే మోగుతుందని ముందే తెలిసి ఉంటే విసుగు తక్కువ.

అన్నిటికన్నా ముఖ్యం, త్రెషోల్డ్‌లో చిన్న తడబాటు. మోత కాదు, సన్నని శ్రుతి ఒక్క క్షణం వంగినట్టు ఉంటుంది. జనం తిరిగి తిరిగి పోయిన చోట ఇంకా మిగిలిన బంగారమంతా ఈ తడబాట్ల కిందే ఉంది. వినిపించగానే పైమట్టి ఒక అంగుళం గీకి మళ్లీ వినండి. పెరిగితే టార్గెట్, పోతే నేల. ఇక్కడొక ఉచ్చు ఉంది: ఆటోమేటిక్ ట్రాకింగ్ పెట్టి ఒకేచోట పదిసార్లు ఊపితే మెషిన్ ఆ బలహీన సిగ్నల్‌నే నేల అనుకుని తుడిచేస్తుంది. మూడు నాలుగు ఊపులకు మించొద్దు. పక్కకు జరిగి బ్యాలెన్స్ చేసి మళ్లీ రండి.

#9 గులకరాయి

తవ్వడం గురించి ఎవరూ రాయలేదు, సగం టైము అక్కడే పోతుంది.

ముందు కాయిల్‌ను నిలువుగా, అడ్డంగా తిప్పి కూడలి గుర్తించి బూటుతో గీత గీయండి. పలుగును దూరంగా పెట్టి విని, మళ్లీ తెచ్చుకుని తవ్వడం అలవాటు చేసుకోవాలి. పలుగు మీటరు లోపల పడుంటే మీరు వినేది పలుగునే. పలుగు తలకు నియోడిమియం అయస్కాంతం అతికించుకుంటే తవ్వేటప్పుడే సన్న ఇనుము దానికి పట్టుకుంటుంది. గుంటలో నాలుగుసార్లు ఆడించాక సిగ్నల్ మాయమైతే అయస్కాంతం చూడండి, బూటు మేకు మొన అక్కడే ఉంటుంది.

5 సెం.మీ. చొప్పున గీకండి. ప్రతి గీకుడుకూ గుంటను వినండి, తీసిన మట్టిని వినండి. గుంటలోంచి మట్టిలోకి మారిందంటే ఇక లోతుకు పోవద్దు. సున్నపు పొర వస్తే నేరుగా పైనుంచి పలుగు దించకండి. పక్కనుంచి కందకంలా దిగి, గడ్డను కింద నుంచి ఎత్తండి. పలుగు మొన పడ్డ నగెట్‌కు మంచి ధర రాదు, గాటు మళ్లీ పోదు.

మట్టిలోకి వచ్చాక ప్లాస్టిక్ చాట. చాటలో మట్టి తీసి కాయిల్ మీదుగా తిప్పండి. మోగితే సగం అరచేతిలోకి వంపి చాటను మళ్లీ తిప్పండి. మోగని సగం పారేయండి, మోగే సగాన్ని మళ్లీ సగం చేయండి. ఆరేడు సార్లకు చిటికెడు మట్టి మిగులుతుంది. దాన్ని కాయిల్ మీద పలచగా రాల్చండి. లోహపు తునక కవర్ మీద పడిన క్షణాన టక్కుమంటుంది, వేలితో ఒక్కో గింజా జరుపుతుంటే జరిపినప్పుడల్లా మోగేది అదే. మట్టి పట్టి ఉంటుంది కాబట్టి రంగు చూసి తేల్చొద్దు. మట్టిగడ్డలా కనిపించినది చేతికి బరువుగా తగిలితే నీళ్ల చుక్క వేసి రుద్దండి. చాట పట్టిన చేతికి ఉంగరం, వాచీ ఉండకూడదని చెప్పక్కర్లేదనుకుంటా.

తీశాక గుంటను ఇంకోసారి వినండి. బంగారం ఒంటరిగా ఉండదు. విన్నాక గుంట పూడ్చండి.

#10 కొత్తపలుగు

ఇదంతా సరే, అసలు ఎక్కడ ఊపాలి? ఎడారి అంతా ఒకేలా కనిపిస్తోంది.

#11 పసిడిచాట

ఒకేలా ఉండదు. నీళ్లు లేని చోట బంగారం ఎలా కదులుతుందో పట్టుకుంటే సగం ఎడారిని వదిలేయొచ్చు.

బంగారం సాంద్రత 19.3, పలుగురాయిది 2.65. కొండ మీద పలుగురాయి తీగ పగిలి రాలినప్పుడు రాళ్లు వాలు దిగిపోతాయి, బంగారం మాత్రం తక్కువ దూరంలోనే దిగబడుతుంది. గాలి సన్నమట్టిని ఎత్తుకుపోతూ ఉంటే నేల మట్టం దిగి పైన గులకరాళ్ల పరుపు మిగులుతుంది. బరువైనది అక్కడే ఉండిపోతుంది. అందుకే ఎడారిలో కొన్ని చోట్ల గ్రాముల లెక్క బంగారం వేలెడు లోతులోనే ఉంటుంది. ఏడాదికి ఒకటీ రెండుసార్లు వచ్చే మెరుపు వరద వాగుల్లోకి తోసిన బంగారం వంపుల లోపలి వైపు, పెద్ద రాళ్ల వెనక, రాతిపొర పగుళ్లలో ఆగుతుంది.

ఇసుకబాట గారి సున్నపు పొర అసలైన కొసమెరుపు. వాననీటిలో కరిగిన సున్నం, ఆ నీరు ఆవిరయ్యేటప్పుడు మట్టిని, గులకను సిమెంటులా అతికేస్తుంది. అడుగున అసలు రాతిపొర ఎన్ని మీటర్ల కిందున్నా, బంగారం మాత్రం ఈ దొంగ పొర మీద ఆగిపోతుంది. ఆయనకు జానెడు మట్టి కిందే పొర ఉందంటే పీఐ లోతుకు సరిగ్గా సరిపోయే నేల. వాగులో ఉప్పుతో కుస్తీ పట్టేకన్నా ఆ మెరక మీద, పొర తేలిన అంచుల వెంట తిరగడం మేలని నా అభిప్రాయం.

దూరం నుంచి చూడాల్సినవి: ఇనుప మరకలు పట్టిన, గుల్లగుల్లగా ఉన్న పలుగురాయి (పాలరాతిలా మెరిసే తెల్లదాంట్లో తరచూ ఏమీ ఉండదు), రెండు రకాల రాళ్లు కలిసే సరిహద్దు, నేల రంగు ఠక్కున మారే గీత, పాత తవ్వకాలు. పాత తవ్వకం కన్నా నమ్మకమైన మ్యాపు లేదు. తూర్పారబట్టే పెట్టె పక్కన రెండు కుప్పలుంటాయి: జల్లెడ మీద మిగిలిన ముతక రాళ్లది ఒకటి, గాలికి ఎగిరిన సన్నమట్టిది ఇంకోటి. జల్లెడ కంతలు దాదాపు అరంగుళం ఉంటే, అంతకన్నా పెద్ద నగెట్ రాళ్లతో పాటే ముతక కుప్పలోకి పోయింది. మట్టి పట్టి ఉంటే కంటికి ఆనదు మరి. ఆ కుప్పను దంతెతో 5–8 సెం.మీ. మందంలో పరిచి వినండి, ఆ పొర జరిపి తర్వాతి పొర.

#12 గులకరాయి

దంతె అంటే ఇనుప పళ్లదే, కానీ వినే ముందు దాన్ని దూరంగా పడేయాలి.

ఒక నగెట్ దొరికాక ఏం చేస్తారన్నదే తేడా. దాన్ని చూడండి: అంచులు పదునుగా, పలుగురాయి అంటుకుని ఉంటే పుట్టిన చోటు దగ్గర్లోనే ఉంది, వాలు పైకి పోండి. గుండ్రంగా నునుపు తేలి, నలిగినట్టు ఉంటే చాలా దూరం దొర్లి వచ్చింది, పాత పాయ ఎటు పోయిందో వెతకాలి. జీపీఎస్‌లో గుర్తు పెట్టి ఆ చుట్టూ 20 × 20 మీటర్లు గళ్లు గీసి పట్టండి. నడుముకు సన్న గొలుసో తాడో కట్టి ఈడ్చుకుపోతే ఇసుకలో గీత పడుతుంది, తర్వాతి వరస దాని పక్కనే. గొలుసైతే కాయిల్‌కు రెండు మీటర్లు వెనక ఉండాలి.

టైము లెక్క వేసుకోండి. మీటరు వెడల్పు వరసలు 20, మొత్తం నడక 400 మీటర్లు. 11 అంగుళాల కాయిల్ సగం మీద సగం పడేలా ఒక్కో ఊపుకు 14 సెం.మీ. ముందుకు జరిగితే 2,850కి పైగా ఊపులు. ఒక్కోటి 3 సెకన్లు వేసుకున్నా దాదాపు 2 గంటల 25 నిమిషాలు, తవ్వకం కాకుండా. అదే చోటును అరగంటలో ‘అయిపోయింది’ అన్నారంటే ఈ లెక్కన కాయిల్ కింద పడింది ఐదో వంతు నేలే. కాయిల్ క్షేత్రం లోతుకు పోయేకొద్దీ సన్నబడుతుంది కాబట్టి ఊపుల మధ్య ఖాళీ పైన కనపడదు, అడుగున మిగిలిపోతుంది.

అయ్యాక మొదటి దిశకు అడ్డంగా మళ్లీ. విసుగే, అయినా రెండోసారికి దొరికేవి ఉంటాయి.

#13 తులాభారం

కాస్త పక్క ప్రశ్న. పలుగురాయిలో బంగారం చిక్కుకున్న ముక్క, 50 గ్రాములు. పగలగొట్టకుండా ఎంత బంగారం ఉందో నీళ్లలో తూచి తేల్చొచ్చట. నీళ్ల బరువును 3.1తో హెచ్చించి, గాలి బరువును 1.9తో హెచ్చించి తీసేయాలి అని చూశాను. తూకం మీద నీళ్ల కప్పు పెట్టి దారంతో ముక్కను ముంచితే 14 గ్రాములు చూపించింది. లెక్క కడితే మైనస్ 51.6 వస్తోంది! ముక్క నాకే బాకీ ఉందా?

#14 పసిడిచాట

సూత్రం సరైనదే, మీరు పెట్టిన అంకె వేరేది. ఆ సూత్రంలో నీళ్ల బరువంటే తూకానికి వేలాడదీసిన ముక్క నీళ్లలో తూగే బరువు. కప్పు కింద తూకం పెట్టి ముంచితే కనిపించేది ముక్క తోసేసిన నీళ్ల బరువు. అంటే ఘనపరిమాణం, 14 ఘన సెం.మీ. 50లోంచి 14 తీస్తే 36, అదీ నీళ్లలో బరువు.

36 × 3.1 = 111.6. 50 × 1.9 = 95. తేడా 16.6 గ్రాములు. దశాంశాలు కుదించడంతో కొంచెం ఎక్కువ వచ్చింది. 3.07, 1.91 వాడితే 15 గ్రాములు తేలుతుంది, ఇదే దగ్గరిది.

ముంచే ముందు కప్పును సున్నా చేయాలి, ముక్క అడుగునో గోడనో తాకకూడదు, బుడగలు వదిలించాలి. రాయి గుల్లగా ఉంటే పది నిమిషాలు నాననిచ్చి తూచండి. ఇక అసలు హెచ్చరిక: ఈ లెక్కకు రాయి శుద్ధ పలుగురాయి అయి ఉండాలి. ఇనుపరాయి కలిసి ఉంటే దాని బరువును కూడా బంగారం ఖాతాలో రాసేస్తుంది.

రాయిని కరిగించడానికి హైడ్రోఫ్లోరిక్ ఆసిడ్ వాడమని ఎక్కడైనా చదివితే అక్కడే ఆగండి. చర్మం దాటి ఎముక దాకా పోతుంది, కొద్దిపాటి ఒలికినా ప్రాణాంతకం. ఇనుప మరకే అయితే ఆక్సాలిక్ ఆసిడ్ చాలు, గ్లవుజులు వేసుకుని, గాలి ఆడే చోట.

#15 రాతిపొర

అనుమతుల మాట ఒక్కసారి చెప్పి వదిలేస్తా. పశ్చిమ ఆస్ట్రేలియాలో మైనర్స్ రైట్ (ఖనిజాలు వెతుక్కునే అనుమతి పత్రం) జేబులో ఉండాలి, వేరేవాళ్లకు ఎక్స్‌ప్లొరేషన్ (అన్వేషణ) లైసెన్సు ఉన్న నేలకు దాని మీద 40ఈ పర్మిట్ కూడా కావాలి, అది మూడు నెలలే. ఆదివాసుల పవిత్ర స్థలాల జోలికి పోకూడదు. అమెరికాలో బీఎల్ఎం (ప్రభుత్వ భూములు చూసే సంస్థ) నేల అయినంత మాత్రాన అందరికీ తెరిచి ఉందని కాదు, దాని మీద ఎవరిదో క్లెయిమ్ (తవ్వుకునే హక్కు) ఉండొచ్చు. ఎంఎల్ఆర్ఎస్ అనే బీఎల్ఎం ఆన్‌లైన్ రికార్డుల్లో చూసి, నేల మీద క్లెయిమ్ గుంజలు కూడా చూసుకోండి. నేషనల్ పార్కుల్లో కుదరదు. ప్రభుత్వ నేలల్లో వందేళ్లు దాటిన పాత సామాన్లు తీయడం 1979 చట్టం కింద నేరం, డబ్బా మూత అనిపించినా సరే.

#16 గులకరాయి

ఎండ గురించి కూడా అంతే క్లుప్తంగా. తవ్వకం ఉన్న రోజు వేడిలో గంటకు లీటరు దాకా నీళ్లు పోతాయి, ఉప్పులు కలిపి తాగాలి. వచ్చే దారికి వేరే నీళ్లు బండిలోనే ఉంచాలి. ఆపదలో ఉపగ్రహానికి కబురు పంపే 406 మెగాహెర్ట్జ్ బీకన్ ఒంటి మీద ఉండాలి, బండిలో కాదు. పాత గనుల బావుల అంచు పైకి గట్టిగా కనిపించినా కింద డొల్ల, ఆ చుట్టూ సిగ్నల్ ఎంత తియ్యగా మోగినా వద్దు.

హెడ్‌ఫోన్లు రెండు చెవులకూ వేస్తే తడబాట్లు బాగా వినిపిస్తాయి, గిలక పాము చప్పుడు మాత్రం వినిపించదు. పొదల దగ్గర ఒక చెవి తెరిచి పెట్టండి.

#17 ఇసుకబాట

పసిడిచాట గారి మాట విని మెరక మీదికి వచ్చేశాను, పొర అంచు వెంట మోనోతోనే. వాగులో లేని కొత్త గోల ఒకటి: ఉదయం బాగుంటుంది, రెండు గంటల సేపు ఊపాక కాయిల్ నేలకు తగిలినప్పుడల్లా గరగర. బ్యాలెన్స్ చేసినా పోదు. నడుము ఎత్తున ఊపితే లేదు.

#18 కాయిల్‌మోత

కాయిల్ కింది ప్లాస్టిక్ కవర్ ఊడదీసి చూడండి. అంచుల్లోంచి నల్ల ఇసుక లోపలికి దూరి ఉంటుంది. తగిలినప్పుడల్లా ఆ మ్యాగ్నెటైట్ కాయిల్‌కు ఆనుకుని కదులుతుంది, అందుకే గరగర.

#19 ఇసుకబాట

తీశానండీ. గుప్పెడు ఉంది. తుడిచి పెట్టాక ఆగింది. మళ్లీ దూరకుండా అంచు చుట్టూ టేపు వేయొచ్చా?

#20 కాయిల్‌మోత

వేయొచ్చు, మామూలు ఎలక్ట్రికల్ టేపు. వెండిలా మెరిసే రేకు టేపు మాత్రం వద్దు, అది లోహం. వేసే ముందు కవర్ లోపలి వైపు తడిబట్టతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి, తడి మీద వేస్తే మధ్యాహ్నం ఎండకు జిగురు వదిలి అంచున కొత్త ఇసుకను పట్టుకుంటుంది.